ఒడిబియ్యంలో సలాక

పోయిన నెల సూర్యాపేట నుంచి కోదాడకు బియ్యం లారీలో డ్రైవరు పక్కన కూచుని పోతుంటే దారిలో తనిఖీ వాళ్లు ఆపారు. మీసాలు ఇంకా సరిగా రాని జవాను ఒకడు పైకెక్కి ఇనుప సలాకతో బస్తాలను పొడవడం మొదలుపెట్టాడు. పై వరస పొడిచాడు, మళ్లీ పై వరసే పొడిచాడు, అలసిపోయి దిగాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు.

"ఏం లేదు బిడ్డా. నీకు పని నేర్పాల్సిన మనిషి సచ్చిపోయి శానా ఏండ్లయింది," అన్నాను.

డ్రైవరు నా తొడ గిల్లాడు. ఆ తర్వాత కోదాడ దాకా పోయాం. అతను కోపంతో, నేను జమేదారును తలుచుకుంటూ.

ఆయన నిజాం కాలంలో కోదాడకు అవతల, ఇంగ్లీషు ఇలాకా మొదలయ్యే చోట, సరిహద్దు నాకాలో జమేదారు. వచ్చే బండిని, పోయే బండిని ఆపి, ఎవరు ఏ సరుకు ఎక్కడ దాచారో పట్టుకోవడం పని. ముప్పై ఏళ్లు అదే చేశాడు. పేరు ఒకటి ఉండేది గాని ఇక్కడ రాయను. రాస్తే పైనుంచి దిగొచ్చి కాగితం తిప్పి వెనక ఏముందో చూస్తాడు. సన్నగా, పొడుగ్గా, కొద్దిగా ముందుకు వంగి ఉండేవాడు. ఆ వంపు వయసుది కాదు, బండ్ల కిందికి తొంగిచూసీ చూసీ వచ్చింది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఉగాదికి ఆయన వజీఫా మీద, అంటే పింఛను మీద, దిగాడు. ఆ వారమే సూర్యాపేటకు వచ్చి నా బండిని ఏడాదికి కిరాయి మాట్లాడాడు. ఉగాది నుంచి ఉగాది దాకా. సవారి కచ్చురం అంటాం మా దిక్కున, పైన వెదురు గూడు, లోపల గడ్డి, గడ్డి మీద జంపఖానా. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఉర్దూ బడిలో రెండో జమాతు దాటని చదువు. ఆయన ముందు ఎద్దుల పళ్లు చూశాడు. తర్వాత బండి కింద దూరి ఇరుసు తట్టాడు. గూడులో వెదుళ్లను ఒక్కొక్కటే వేలితో కొట్టి, బోలుగా ఉన్నదాంట్లో కన్ను పెట్టి చూశాడు. అన్నీ అయ్యాక చేతులు దులుపుకుని "పాస్" అన్నాడు. పాసయింది నేనా, ఎద్దులా అన్నది ఈనాటికీ తెలియదు.

భార్యాభర్తలిద్దరే. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయి వాళ్ల ఇళ్లకు వాళ్లు పోయారు. ముప్పై ఏళ్లలో ఈయన ఒక్క చుట్టం పెళ్లికి పోలేదు, ఒక్కరి దినానికి పోలేదు. సెలవు అడిగితే నాకా ఖాళీ అయిపోతుందని భయం. ఆయన లేని పూట దేశంలో సరుకంతా దొంగదారిన పోతుందని నమ్మకం. ఇప్పుడు ఖాళీగా కూచునేసరికి తమకు చుట్టాలంటూ ఉన్నారా, ఉంటే ఎక్కడున్నారు అని పట్టుకుంది. అటు తుంగతుర్తి దిక్కు ఆయన తాతల ఊళ్లు, ఇటు అనంతగిరి దిక్కు మేనత్తల ఊళ్లు, మూసీ అవతల మిర్యాలగూడ దిక్కు ఆమె పుట్టిల్లు. అన్నీ తిరగాలన్నాడు. కోదాడలో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇల్లు అద్దెకిచ్చినామె గుమ్మంలో నిలబడి, "ఎందుకండీ ఈ వయసులో బళ్లమీద తిరగటం, నడుములు పోవూ?" అంది. జమేదారు ఆమె చేతిలోని చేటలోకి తొంగిచూసి, పప్పేనని ఖాయం చేసుకుని, బండెక్కాడు.

బండిలో కాపురమంటే మాటలు కాదు. అమ్మ (జమేదారు భార్యను నేను అమ్మా అనే పిలిచేవాణ్ని) రెండు కుండలు, ఒక మూకుడు, ఒక కత్తిపీట, మూడు రాళ్లతో ఊరూరా ఇల్లు పెట్టేది. ఎక్కడ ఆగినా ముందు ఆ మూడు రాళ్లు దిగేవి. రాళ్లు ఎక్కడైనా దొరుకుతాయి కదమ్మా, వీటిని మొయ్యడమెందుకంటే, పొయ్యి మారితే అన్నం రుచి మారుతుందనేది. జమేదారు ఒక్క వస్తువు తెచ్చుకున్నాడు, తన సలాక. చెయ్యంత పొడుగు, ఒక కొన సూది, నడుమ గింజలు నిలిచే గాడి, ఇంకో కొనకు కడియం. దాంతో గడ్డి పొడిచేవాడు, నేల పొడిచేవాడు, ఉడుకుతున్న చామదుంపలను పొడిచేవాడు. ఒకసారి నిద్రపోతున్న నన్నూ పొడిచాడు. లోపల మనిషున్నాడో లేడో చూస్తున్నానన్నాడు.

అవి రోడ్లమీద యూనియన్ మిలిటరీ తిరుగుతున్న రోజులు. తుంగతుర్తి దారిలో ఒక చోట మమ్మల్ని ఆపారు. నేను పగ్గాలు వదిలేసి చేతులెత్తాను. జమేదారు మాత్రం పెళ్లిపందిట్లోకి దిగినట్టు దిగాడు. సిపాయి గూడులోకి ఒకసారి చూసి పొమ్మన్నాడు. ఈయన పోడే. ఇదేం తనిఖీ అని ఉర్దూలో మొదలుపెట్టాడు. ముందు బండి కింద చూడాలె, తర్వాత కాడి, తర్వాత నీళ్ల కుండ, ఆడవాళ్లుంటే వాళ్లను మర్యాదగా దింపి గడ్డి ఎత్తాలె. అన్నీ చేసి చూపించాడు. నా గడ్డి కింద నేను దాచుకున్న చుట్టల కట్ట బయటపడింది. సిపాయిలు నవ్వి ఈయనకు చాయ పోశారు, నా చుట్టలు వాళ్లు కాల్చారు. బండి కదిలాక, "పిల్లలు మంచోళ్లే, పని రాదు," అన్నాడు. నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించలేదు.

చుట్టాల దగ్గర కూడా అదే తీరు. ఊళ్లోకి పోగానే, మీ తాత పేరేమిటి, ఆయనకు ఎందరు కొడుకులు, రెండోవాడు ఎటు పోయిండు అని నిలదీసేవాడు. చుట్టరికం కలుపుకోవడానికి వచ్చాడో, దొంగతనం పట్టుకోవడానికి వచ్చాడో తెలియక జనం బిక్కచచ్చిపోయేవాళ్లు. తుంగతుర్తి పక్క ఊళ్లో ఒక ఇంట్లో దిగాం. ఇంటిపేరు కలిసింది, తాత పేరు కలిసింది. రెండు రోజులు రాచమర్యాద. కోడిని కోశారు, జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు. మూడోనాడు పోతుంటే అరబస్తా బియ్యం కూడా బండిలో వేశారు. బండెక్కుతూ జమేదారు ఇంటి పెద్దాయన్ని పట్టుకుని, మీ తాత చెయ్యి విరిగింది ఏ చెట్టు మీంచి పడి అని అడిగాడు. మా తాత చెయ్యి విరగలేదే అన్నాడాయన. విచారణ జరిగింది. వీళ్లు ఆ చుట్టాలు కారు. అసలు చుట్టాలు వేరే ఊరికి పోయి నలభై ఏళ్లు. జమేదారు ముఖం చూడాలి. ముప్పై ఏళ్లలో ఆయన కళ్లుగప్పి పోయిన సరుకంతా కలిపినా అంత సిగ్గుపడి ఉండడు.

ఇంటాయన మాత్రం నవ్వుతున్నాడు. "వచ్చిన గడియకే తెల్సింది గని, బండి దిగి నిమ్మళంగ కూసున్నంక కాదని ఎట్ల చెప్తం?" అన్నాడు.

దారిలో అమ్మ నాతో నెమ్మదిగా, తనకూ మొదటి రోజే తెలిసిందని చెప్పింది. మరి చెప్పలేదేమమ్మా అంటే, కోడికూర ఉడుకుతున్నదంది.

అట్లా వానాకాలం పోయింది, చలికాలం పోయింది. బండి తుంగతుర్తి, అనంతగిరి, మళ్లీ సూర్యాపేట తిరుగుతూనే ఉంది గాని మూసీ మాత్రం దాటలేదు. సూర్యాపేట దగ్గర మిర్యాలగూడ బాట విడిపోయే చోటికి వచ్చిన ప్రతిసారీ జమేదారుకు ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఒకసారి ఎద్దులకు నాడాలు అరిగాయన్నాడు. ఒకసారి వర్జ్యమన్నాడు. ఇంకోసారి మూసీ నిండుగా పారుతున్నదని ఎవరో చెప్పారన్నాడు. అది మాఘమాసం. మూసీలో కుక్క దాహానికి కూడా నీళ్లు వెతుక్కోవాలి. అమ్మ బండి వెనక కాళ్లు వేలాడేసి కూచుని, వెనక్కి పోతున్న ఆ బాటను చూస్తుండేది.

అనంతగిరిలో ఒక సాయంత్రం పొయ్యి ముందు ఎసరు కోసం చూస్తూ అసలు సంగతి చెప్పింది.

మా దిక్కు ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. మొగుడూపెళ్లాలను పీటలమీద కూచోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె బట్ట ఆమె ఒళ్లో పోస్తారు. నీకింకా పుట్టిల్లు ఉన్నదని చెప్పడమన్న మాట. ఇంట్లో కట్టిన ఆ మూట దారిలో విప్పరు. ఆ ఆడపిల్ల ఎదుటే విప్పుతారు. ఇరవై రెండేళ్ల కింద, తండ్రి పోయాక మొదటిసారి, అమ్మకు ఒడిబియ్యం పొయ్యడానికి తమ్ముడు ఒక్కడే బయలుదేరాడు. తల్లి మూట కట్టి ఇచ్చింది. అక్కకు మంచి చీర తెద్దామని ముందు వేరే బాటన సరిహద్దు అవతలి జగ్గయ్యపేట దాకా పోయి, కొనుక్కుని, నాకా మీదుగా ఇటు వస్తున్నాడు. అప్పట్లో అక్క ఇల్లు నాకాకు ఎదురే. ఆమె కాళ్లకు నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడింది.

ఆ రోజు పై అధికారి వచ్చి నాకాలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. జమేదారు లేచి బామ్మర్ది బండిని ఆపాడు. అందర్నీ ఆపేవాణ్ని, నా ఇంటివాణ్ని వదిలితే ఎట్లా అనుకున్నాడు. చీర చూశాడు, సరే. మూట చూశాడు. అది ఒడిబియ్యమని తెలుసు, ఎవరికోసమో తెలుసు. అధికారి చూస్తున్నాడు. సలాక తీసి పొడిచాడు. గుడ్డ చిరిగింది. పచ్చటి బియ్యం బల్లమీద పడి, బల్లమీంచి జారి దుమ్ములో పడ్డాయి.

తమ్ముడు ఒక్క గింజ ఎత్తలేదు. చీర కూడా బల్లమీదే వదిలేసి బండి తోలుకుని, అక్క ఇంటి ముందునుంచే ఆగకుండా పోయాడు.

"కాళ్లకు నీళ్లు పట్టుకొని గట్లనే నిలబడ్డ బిడ్డా," అంది అమ్మ. "మల్ల రాలే. మా అమ్మ పోయినప్పుడు కబురు సుత ఆలస్యంగ అందింది. ఇగ నా ఒడి నిండేది లేదనుకున్న. గీ ఏడాది తిరుగుడు దేనికనుకున్నవ్? ఆ ఒక్క ఇంటికి పోనీకె మీ సాబు దేశం సుట్టొస్తుండు."

అప్పటికి నాకు అర్థమైంది. ఎంతమంది చుట్టాలను పట్టుకున్నా ఆయనకు పట్టుబడని చుట్టం ఒకడున్నాడు.

మళ్లీ ఉగాదికి ఇరవై రోజులుంది. సూర్యాపేట దగ్గర బాట విడిపోయే చోటికి వచ్చాం. జమేదారు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఏం చెబుతాడోనని నేను ఎదురుచూస్తున్నాను. అమ్మ ముందుకు జరిగి నా భుజం తట్టింది.

"మూసీ దిక్కు తిప్పు బిడ్డా. నీళ్లుంటే ఈదుకుంట పోదం."

ఎద్దులకు కూడా ఆమె మాటే నచ్చినట్టుంది, నేను పగ్గం లాగకముందే తిరిగాయి. జమేదారు దారిపొడుగునా సలాకను గుడ్డతో తుడుస్తూ కూచున్నాడు. మూసీలో చీలమండ తడవలేదు.

మిర్యాలగూడ ఇంకా కొంచెం దూరముందనగా ఆమె పుట్టిన ఊరు. పొద్దు నెత్తిమీదికి రాకముందే చేరాం. తమ్ముడు వాకిట్లో ఆముదం కాయలు ఎండబోసి కూచున్నాడు. నలభై దాటిన మనిషి, చెవులమీద నెరిసిన వెంట్రుకలు. బండిని చూశాడు, లేవలేదు. అమ్మ దిగింది. లోపల్నుంచి మరదలు చెంబుతో పరిగెత్తుకొచ్చింది.

"అక్కను లోపలికి తోల్కపో," అన్నాడు తమ్ముడు పెళ్లాంతో. "బండికాడున్నోళ్లు బండికాడనే ఉంటరు."

నన్ను కూడా కలిపాడు. నేనేం పొడిచానని?

అమ్మ గడప దాకా పోయి ఆగింది. "నేనొక్కదాన్నే రావాల్నంటే ఇరవై రెండేండ్ల కిందనే వచ్చేదాన్ని," అంది. వెనక్కి వచ్చి, ఎద్దులు విప్పిన బండి నొగమీద కూచుంది. పుట్టింటి వాకిట్లో, ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని, పరాయి ఊరి దారిలో బండి విరిగిన మనిషిలాగా. మరదలు చెంబు పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది.

జమేదారు ఆమెను చూశాడు. తర్వాత బండెక్కి సామాను దింపడం మొదలుపెట్టాడు. నేను సాయానికి పోతే చేత్తో అడ్డుపెట్టాడు. ట్రంకుపెట్టె, కుండలు, జంపఖానా, బట్టల మూటలు, పచ్చడి జాడీ, తుంగతుర్తి బియ్యం, మూడు పొయ్యిరాళ్లు, ఒక్కొక్కటే మోసి ఆముదం కాయల పక్కన వరసగా పెట్టాడు. నాకాలో ఇతరులచేత పెట్టించినట్టే, సమంగా. పెట్టె తాళం తీశాడు, మూటల ముళ్లు విప్పాడు. ఊళ్లో సగం మంది చేరారు. అన్నీ అయ్యాక సలాక తెచ్చి బామ్మర్ది చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"సూస్కో బామ్మర్దీ. అన్ని పొడిచి సూస్కో," అన్నాడు.

తమ్ముడు సలాకను అటూ ఇటూ తిప్పి చూశాడు. లేచాడు. వరస వెంట నడిచాడు. బట్టల మూట దగ్గర ఆగాడు, పొడవలేదు. పెట్టె దగ్గర ఆగాడు, పొడవలేదు. బియ్యం సంచి దగ్గరికి వచ్చి, పళ్లు బిగించి, కడియం దాకా దించాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అతను సలాక లాగి, దాని గాడిలో నిలిచిన గింజలను అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు. ముఖం మారిపోయింది.

"ఏందిది?" అన్నాడు. "పురుగులు. మా అక్కకు పురుగుల బియ్యం పెడుతున్నవా బావా?"

ఇరవై రెండేళ్ల తర్వాత మొదటి మాట, అందులో బావా అన్న పిలుపు. జమేదారు దాన్ని వదులుకోలేదు.

"ఏం జెయ్యమంటవ్? మంచి బియ్యం పోసేటోడు ఆడికెల్లే ఎల్లిపాయె. నేనేమన్న పొయ్యొద్దన్ననా, మూట గట్టిగ కట్టుకొస్తే అయిపోతుండె."

"నువ్వు పొడిచినంక ఇనుప మూటైన ఆగదు."

"పెద్ద సాబు సూస్తుండెరా!"

"మా అక్క సుత సూస్తుండె."

జమేదారు తల వంచుకుని, "ఔ," అన్నాడు. "సూస్తుండె. ఇప్పటిదాంక సూస్తనే ఉన్నది."

తమ్ముడు అరచేతిలోని బియ్యాన్ని కోళ్లకు విసిరాడు. పెళ్లాం మీద విసుక్కున్నాడు, చెంబు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడితే వాళ్ల కాళ్లు ఎవరు కడుగుతారని. ఆముదం కాయలు కాళ్లతో జరిపి లోపలికి దారి చేశాడు. అమ్మ నొగమీంచి లేచి, మొగుడు ముందు నడిచేదాకా ఆగి, వెనక నడిచింది.

నాలుగో రోజు మంచి రోజని ఒడిబియ్యం పోశారు. కొత్త ధోవతి కట్టుకుని జమేదారు పీటమీద పెళ్లికొడుకులా కూచున్నాడు. తమ్ముడు రెండు దోసిళ్లతో పోస్తుంటే ఈయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మంత్రాలు చదువుతున్నాడని మరదలు అనుకుంది. నాకు తెలుసు, తనిఖీ చెయ్యకుండా ఉండడానికి.

ఒడిబియ్యం ఇంటికి తీసుకుపోయి వండి, వాడకట్టులోని ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. అది రివాజు. తిరుగు ప్రయాణంలో మూసీ దాటి ఇవతలి ఒడ్డుకు రాగానే అమ్మ బండి ఆపమంది. కోదాడలో ఇల్లు లేదు కదా, ఎక్కడ వండుతారమ్మా అన్నాను.

"ఏడాది నుంచి నా ఇల్లు గిదే. నా వాడకట్టు గీ బాటనే," అని మూడు రాళ్లు దింపింది.

పరమాన్నం, పప్పు, మోదుగాకు విస్తళ్లు. వాడకట్టును పిలిచే పని జమేదారుది. మూసీలోకి దిగే బాట మధ్యన చెయ్యెత్తి నిలబడ్డాడు. పిలవడమంటే ఆయనకు తెలిసింది అదొక్కటే. కోదాడ దారి తెలిసిన బండ్లవాళ్లు ఆ చెయ్యి చూడగానే పాత అలవాటున దిగి, అడగకముందే మూటలు విప్పడం మొదలుపెట్టారు. ఆముదాల బండివాడైతే సంచులన్నీ దింపేశాడు. నేను పరిగెత్తి, తినడానికిరా నాయనా, కట్టుకోండి కట్టుకోండి అని చెప్పేసరికి నా గొంతు పోయింది. అమ్మ గరిటె పట్టుకుని నవ్వుతూ కూలబడింది.

విస్తరి ముందు కూచున్న ముసలి బండాయన ఒకడు ముద్ద ఎత్తి మళ్లీ దించి, నా చెవిలో, తిన్నాక సాబు ఏమన్నా అడుగుతాడా అన్నాడు. జమేదారు వింటూనే ఉన్నాడు.

"అడుగుత," అన్నాడు. "ఇంక జర వడ్డియ్యాల్నా అని అడుగుత."

తిన్న ప్రతివాడూ ఎవరు పోసిన ఒడిబియ్యమమ్మా అని అడిగాడు. అడగకపోయినవాడికి ఆమే చెప్పింది. "మా తమ్ముడు పోసిండు." పొద్దు వాలేదాకా ఆ ఒక్క మాటే ఎన్నిసార్లు చెప్పిందో, ప్రతిసారీ మొదటిసారిలాగే చెప్పింది.

చివరి బండి మూసీ దాటాక చూస్తే కుండ అడుగున మాడు తప్ప మిగల్లేదు. పొద్దున్నుంచి నిలబడినవాడు నిలబడినట్టే ఉన్న జమేదారు ఇంకా మెతుకు ముట్టలేదు. అమ్మ ఆ మాడును గీకి, ముద్ద చేసి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోట్లో వేసుకుని, నమలడం మరిచిపోయి, అవతలి ఒడ్డున బామ్మర్ది ఊరి దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

"మింగు," అంది అమ్మ. "మల్ల ఐదేండ్లకు పోస్తడు."